దర్గా స్టాపు నుంచి సాత్ గుంబద్ దాకా

భూమిపై తిరిగి, మనకంటే ముందు గతించినవారి పరిణామం ఏమైందో కళ్ళారా చూడమని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల బోధించింది. ఈ మాట మనం జుమా ఖుత్బాల్లో వింటూనే ఉంటాం. కాని ప్రయాణం అనగానే మనకు ఉమ్రా, అజ్మీర్, గుల్బర్గా గుర్తుకొస్తాయి గాని, మన పిల్లలు రోజూ ఉద్యోగానికి వెళ్ళివచ్చే దారి గుర్తుకు రాదు.

మా పెద్దమ్మాయి హైటెక్ సిటీలో ఒక కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తోంది. మూడేళ్ళుగా టోలిచౌకి నుంచి షేక్‌పేట మీదుగా రాకపోకలు. ఒకనాడు మాటల సందర్భంలో, "బేటీ, దారిలో దర్గా స్టాపు వస్తుంది కదా, ఆ దర్గాలో ఉన్న బుజుర్గు ఎవరో తెలుసా?" అని అడిగాను. "అబ్బా, అది స్టాపు పేరు కదా!" అంది. నాకు నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. ఆమెను తప్పు పట్టి లాభం లేదు. నల్గొండ జిల్లాలో పుట్టి పెరిగిన పిల్ల. చెప్పవలసిన తండ్రిని నేనే చెప్పలేదు.

నెల తిరక్కముందే ఆ అమ్మాయే నాకు బదులు చెప్పింది. ఆమె కార్యాలయంలో కొందరు కలిసి ఆదివారం ఉదయం 'హెరిటేజ్ వాక్' పెట్టుకున్నారట. అంటే చరిత్ర తెలిసినవారు ముందు నడుస్తూ చెబుతుంటే మిగతావారు వెంట నడుస్తూ వినడం. చార్మినార్ నుంచి చౌమహల్లా వైపు ఇలాంటి నడకలు పర్యాటక శాఖవారు చాలాకాలం నడిపారు. 1996లో ఏర్పడిన రాళ్ళ పరిరక్షణ సంఘంవారు హైదరాబాద్ చుట్టుపక్కల బండల మధ్య జనాన్ని తిప్పి చూపిస్తుంటారు. ఇప్పుడు యువకులు కొందరు సొంతంగా కూడా నడుపుతున్నారు. అయితే అద్దాల మేడల నడుమ, ఐటీ కంపెనీల వీధుల్లో చరిత్ర నడక ఏమిటని నాకు అనుమానం కలిగింది. "రా అబ్బా, నీకు తెలిసిందే చెబుతారేమో చూద్దువుగాని" అని అమ్మాయి పట్టుబట్టింది.

ఫజ్ర్ నమాజు అయ్యాక బయలుదేరి రాయదుర్గం మెట్రో స్టేషన్ చేరుకున్నాం. 2019 నవంబరులో తెరిచిన స్టేషన్ ఇది. ఇరవై మంది దాకా వచ్చారు. సగం మంది ఇతర రాష్ట్రాల పిల్లలు. ముస్లిములం నలుగురైదుగురం. టోపీ, గడ్డంతో ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. దారి చూపే కుర్రవాడు ఇంజనీరింగ్ చదివి చరిత్ర మీద ప్రేమతో ఈ పనికి దిగినవాడు. ఇంగ్లీషులో మొదలుపెట్టి, నన్ను చూసి, "మౌల్వీ సాబ్, మీకోసం తెలుగులో కూడా చెబుతాను" అన్నాడు. ఉర్దూలో చెప్పినా ఫరవాలేదన్నాను. "ఉర్దూ మాట్లాడగలను గాని చదవలేను" అని సిగ్గుపడ్డాడు. ఈ మాట తర్వాత మళ్ళీ వస్తుంది, పాఠకులు గుర్తుంచుకోవాలి.

మదర్సాలో చదివే రోజుల్లో, అంటే 1980ల చివర్లో, మేము నలుగురైదుగురు విద్యార్థులం గోల్కొండ వైపు నుంచి ఈ ప్రాంతానికి కాలినడకన వచ్చేవాళ్ళం. అప్పుడు ఇక్కడ ఉన్నవి బండలు, సీతాఫలం చెట్లు, మేకలు. మాదాపూర్ ఒక పల్లె. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఇప్పుడు గచ్చిబౌలిలో ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా అదే సంవత్సరం మొదలైంది. కంప్యూటరూ ఉర్దూ ఒకే ఏడాది ఒకే దిక్కుకు వచ్చాయన్నమాట. మొదటిదాని సంగతి ఊరంతా చెప్పుకుంటుంది, రెండోదాని సంగతి మన ఇళ్ళలోనే తెలియదు.

స్టేషన్ దగ్గర నిలబడి ఆ కుర్రవాడు ముందు దుర్గం చెరువు గురించి చెప్పాడు. ఈ రోజు దాని మీద 2020లో కట్టిన తీగల వంతెన కోసం జనం వస్తారు, ఫోటోలు తీసుకుంటారు. కాని గోల్కొండ కోటకు ఒకప్పుడు తాగునీరు అందించిన చెరువు ఇది. గుట్టల మధ్య కంటికి కనిపించకుండా ఉండేది. అందుకే దానికి రహస్యపు చెరువని పేరు. నీటిని దాచుకోవడం తెలిసిన రాజ్యం గనుకనే 1687లో ఔరంగజేబు సైన్యం ముందు ఎనిమిది నెలలు నిలిచింది. ఖాజాగూడ వైపు కనిపించే బండల గుట్టకు ఫక్రుద్దీన్ గుట్ట అని పేరు. బాబా ఫక్రుద్దీన్ అనే వలీ దర్గా అక్కడ ఉంది. బండల వయసు రెండున్నర వందల కోట్ల సంవత్సరాలని చెబితే నా పక్కనున్న అమ్మాయి నోరు తెరిచింది. ఆ బండల్ని మనం ముప్పై ఏళ్ళలో కంకర చేశాం.

అక్కడి నుంచి పాత బొంబాయి రోడ్డు వైపు నడిచి దర్గా చేరుకున్నాం. హజ్రత్ హుస్సేన్ షా వలీ (రహ్) దర్గా. అవును, స్టాపుకు పేరిచ్చిన దర్గా ఇదే.

హజ్రత్‌వారు గుల్బర్గా ఖాజా బందానవాజ్ (రహ్) వంశానికి చెందినవారు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో గోల్కొండకు వచ్చారు, సుల్తాను అల్లుడయ్యారు. 1562 ప్రాంతంలో తవ్వించిన హుస్సేన్ సాగర్ పనిని పర్యవేక్షించింది వీరే. నగరం నడిబొడ్డున ఉన్న ఆ చెరువును ట్యాంక్ బండ్ అని పిలిచేవారికి ఆ పేరులోని హుస్సేన్ ఎవరో తెలియదు. పెద్దలు ఒక ముచ్చట చెబుతారు. చెరువుకు తన పేరు నిలవాలని సుల్తాను అనుకున్నాడట. జనం మాత్రం రోజూ ఎండలో నిలబడి పని చేయించిన వలీ పేరుతోనే పిలిచారట. సుల్తాను చేసేది లేక మరోచోట ఇంకో చెరువు తవ్వించి తన పేరు పెట్టుకున్నాడట. అదే ఇబ్రహీంపట్నం చెరువు. ముచ్చట నిజమో కాదో గాని, జనం పేర్లు ఎలా పెడతారో అందులో ఉంది.

సమాధుల సందర్శన మరణాన్ని, పరలోకాన్ని గుర్తు చేస్తుందని మన ప్రవక్త (స) చెప్పి ఉన్నారు. సలాం చెప్పి, ఫాతిహా చదివి, దుఆ చేసుకున్నాను. మజార్ల దగ్గర ఏది చేయవచ్చు, ఏది కూడదు అన్న చర్చ ఈ పేజీలో ఇంతకుముందు చాలాసార్లు జరిగింది, దాన్ని ఇక్కడ మళ్ళీ ఎత్తను. మా వెంట వచ్చిన ఒక హిందూ అమ్మాయి గడప దగ్గరే ఆగి, తాను లోపలికి రావచ్చునా అని నన్ను అడిగింది. తల మీద కొంగు కప్పుకుని ముంగిట్లోకి రమ్మన్నాను. మా అమ్మాయి తన దుపట్టా చివర ఎలా కప్పుకోవాలో చూపించింది.

ముంగిట్లో నిలబడి చుట్టూ చూస్తే నాలుగు దిక్కులా ఆకాశం అందుకునే కట్టడాలు. ఇక్కడే కుర్రవాడు గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పాడు. ఉర్దూ పత్రికలు చదివేవారికి ఇది కొత్త కాదు. తెలుగు మాత్రమే చదివే మన కుటుంబాలకు వివరంగా చెప్పవలసిన అవసరం ఉంది.

ఈ దర్గా సేవకు గాను పూర్వం మణికొండ గ్రామం జాగీరుగా ఉండేది. మణికొండ జాగీర్ అన్న పేరు రెవెన్యూ కాగితాల్లో నేటికీ ఉంది. హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో కలిసిన తర్వాత, 1949లో జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. జాగీరు భూములన్నీ ప్రభుత్వపరమయ్యాయి. తర్వాతి దశాబ్దాల్లో ఈ గుట్టలను ప్రభుత్వం పరిశ్రమల సంస్థ ద్వారా కంపెనీలకు, నివాస సముదాయాలకు కేటాయించింది. లాంకో హిల్స్ మేడలు ఆ నేల మీదవే. 1989 నాటి గెజెట్‌లో దర్గా పేరిట వక్ఫ్‌గా ప్రకటించింది కొద్ది వేల చదరపు గజాలు మాత్రమే. 2006లో వక్ఫ్ బోర్డు సవరణ ప్రకటన వెలువరించి 1,654 ఎకరాల 32 గుంటలు దర్గాకు చెందిన వక్ఫ్ అని పేర్కొన్నది. పదహారేళ్ళు వ్యాజ్యం నడిచింది. హైకోర్టు బోర్డు పక్షాన చెప్పింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, భూమి రాష్ట్ర ప్రభుత్వానిదేనని తేల్చింది. జాగీరు రద్దుతోనే భూమి ప్రభుత్వానికి చేరిందని, సవరణ ప్రకటన చెల్లదని అన్నది.

న్యాయమూర్తుల తీర్పును తూకం వేసే చదువు నాకు లేదు. నా మనసులో మెదిలే ప్రశ్న వేరు. 1949 నుంచి 1989 దాకా నలభై ఏళ్ళు, 1989 నుంచి 2006 దాకా మరో పదిహేడేళ్ళు మనం ఏం చేస్తున్నాం? మేకలు మేసే రాళ్ళగుట్ట కదా అని ఊరుకున్నాం. గజం ధర లక్షలకు చేరాక కాగితాలు వెతికాం. ఆ కాగితాలు చూస్తే ఫార్సీలో, ఉర్దూలో, ఫసలీ సంవత్సరాలతో, ముంతఖబ్‌లూ సనదులూ దాఖలాలుగా ఉంటాయి. చదవగలిగేవారు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది.

ఇది మణికొండ ఒక్కదాని కథ అయితే నేను ఇంతసేపు చెప్పను. తెలంగాణలో ఏ పల్లెకు వెళ్ళినా మసీదుకో, ఆషూర్‌ఖానాకో, కబ్రస్తాన్‌కో రెండు మూడెకరాల ఇనాం ఉంటుంది. దాని కాగితం ఎవరో ముజావర్ ఇంట్లో, రేకు పెట్టెలో ఉంటుంది. కిందటి ఏడాది మా ఊరి దగ్గర ఒక పెద్దాయన అలాంటి కాగితం పట్టుకొచ్చి, "సాబ్, ఇది తావీజా? ఎవరూ చదవలేకపోతున్నారు, మడిచి దిండు కింద పెట్టుకున్నాం" అన్నాడు. విప్పి చూస్తే కబ్రస్తాన్ భూమి హద్దులు రాసిన పత్రం! తూర్పున వాగు, పడమర తాటి చెట్లు అని స్పష్టంగా ఉంది. ఆ తాటి చెట్లు ఇప్పుడు లేవు. వాటి స్థానంలో ఎవరిదో ప్రహరీ గోడ ఉంది.

సరే, నడకలోకి వద్దాం. మల్కం చెరువు గట్టు దాటి షేక్‌పేట వైపు సాగాం. 2022 జనవరి 1న ప్రారంభమైన షేక్‌పేట పైవంతెన దాదాపు 2.8 కిలోమీటర్ల పొడవు. మా అమ్మాయి రోజూ దాని మీద నుంచే వెళ్తుంది. పైనుంచి వెళ్ళేవారికి కింద ఏముందో కనిపించదు. కింద ఉన్నది షేక్‌పేట సరాయి.

నాకు ఈ నడకలో అన్నింటికంటే ఎక్కువ నచ్చినదీ, ఎక్కువ బాధ పెట్టినదీ ఈ సరాయే. కుతుబ్ షాహీల కాలపు ముసాఫిర్‌ఖానా. రెండంతస్తుల కట్టడం, సుమారు ముప్పై గదులు, గుర్రాలూ ఒంటెలూ కట్టే సాళ్ళు, పక్కనే మసీదు, ఒక గుమ్మటపు సమాధి. పటాన్‌చెరు మీదుగా బీదరు వైపు నుంచి, పడమటి రేవుల నుంచి వచ్చే వర్తకులు గోల్కొండ చేరే ముందు ఇలాంటి చోట్ల మజిలీ చేసేవారు. రాత్రికి కోట తలుపులు మూస్తారు. ఆలస్యమైనవాడు ఎక్కడ పడుకోవాలి? వజ్రాలు మోసుకొచ్చినవాడైనా, గుర్రాలు తోలుకొచ్చినవాడైనా ఇక్కడ దిగి, బావి నీళ్ళతో వుజూ చేసుకుని, ఖస్ర్ నమాజు చదువుకుని, పశువుకు మేత వేసి పడుకునేవాడు.

జకాత్ ఎవరికి చెందుతుందో ఖుర్ఆన్ చెప్పిన ఎనిమిది వర్గాల్లో బాటసారి ఒకడని మన పిల్లలకు దీనియాత్ క్లాసులో కంఠస్థం చేయిస్తాం. నేనే చేయించాను, ముప్పై ఏళ్ళుగా. కాని బాటసారి హక్కు అనేది రాతి గదులుగా ఎలా ఉంటుందో ఒక్కసారైనా పిల్లల్ని తెచ్చి చూపించలేదు. ఒక గది గడప మీద కూర్చున్నాను. నడుం వాల్చడానికి సరిపోయేంత చోటు, దీపం పెట్టుకునే గూడు. మా జట్టులోని ఒక బెంగాలీ కుర్రవాడు నవ్వుతూ, "నేనుండే హాస్టల్ గది దీనికంటే చిన్నది, అద్దె మాత్రం పెద్దది" అన్నాడు. పని కోసం దూరదేశాల నుంచి వచ్చి ఈ రోడ్డు మీదే మజిలీ చేసేవారు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు.

గచ్చు ఊడిన గోడలు, పగుళ్ళలో మొలిచిన రావి మొక్కలు, మూలన చెత్త. రావి వేరు రాతిని చీల్చినట్టు శత్రువు ఫిరంగి కూడా చీల్చదు. చెత్త వేసింది పరాయివారు కాదు, ఇరుగుపొరుగు మనవాళ్ళే. ఇంకో మాట కూడా చెప్పాలి, చదివేవారికి కోపం వచ్చినా సరే. పాత మసీదులకు మనం చేసే 'సేవ' కొన్నిచోట్ల ఈ చెత్త కంటే ఎక్కువ హాని చేస్తోంది. నాలుగు వందల ఏళ్ళ డంగు సున్నం పనిని గీకేసి సిమెంటు పూస్తున్నాం. ఆ మీద ఆకుపచ్చ ఆయిల్ పెయింటు. గచ్చులో తీర్చిన పూలు, తీగలు దాని కింద పూడిపోతున్నాయి. సున్నం ఊపిరి తీసుకుంటుంది, తేమను బయటకు వదులుతుంది. సిమెంటు ఆ తేమను లోపలే పట్టి ఉంచి రాయిని కుళ్ళబెడుతుంది. మసీదు కమిటీల పెద్దలు పనివాళ్ళను పిలిచే ముందు సాత్ గుంబద్‌కు వెళ్ళి చూసి రావాలి.

మేము కూడా అక్కడికే చేరుకున్నాం. అప్పటికి ఎండ ముదిరింది, నా మోకాళ్ళు మాట వినడం మానేశాయి.

కుతుబ్ షాహీ సమాధుల తోట గురించి పాఠకులకు కొత్తగా చెప్పేదేముంది? స్కూలు పిల్లల విహారయాత్రలన్నీ అక్కడికే. కాని చిన్నప్పుడు చూసినవారు ఇప్పుడు మళ్ళీ చూడాలి. 2013లో ప్రభుత్వ పురావస్తు శాఖ, ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు కలిసి మరమ్మతులు మొదలుపెట్టాయి. పదకొండేళ్ళు పట్టింది. 2024 జులైలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పూర్తయిన పనులను ప్రారంభించారు. పాత సిమెంటును ఒలిచి, డంగు సున్నంతో మళ్ళీ తీర్చారు. పూడిపోయిన బావులను బాగుచేశారు. గోల్కొండ మెట్ల బావులకు 2022లో యునెస్కో పురస్కారం కూడా దక్కింది. వానకు కూలిన పెద్ద బావి ఈ రోజు నీళ్ళతో ఉంది.

ఇబ్రహీం కుతుబ్ షా గుమ్మటం దగ్గర కుర్రవాడు చాలాసేపు ఆగాడు. 1550 నుంచి 1580 దాకా ఏలినవాడు. రాజు కాకముందు ఏడేళ్ళు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపాడు. అక్కడే తెలుగు వంటబట్టింది. తెలుగు కవులు ఆయన్ను మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్ ఖాన్ పటాన్‌చెరులో ఉండేవాడు. పొన్నగంటి తెలగనార్యుడు మొట్టమొదటి అచ్చతెలుగు కావ్యమైన యయాతి చరిత్రను ఆ అమీన్ ఖాన్‌కు అంకితం చేశాడు. సంస్కృత పదం ఒక్కటీ లేకుండా రాసిన తెలుగు కావ్యానికి కృతిభర్త ఒక ముసల్మాను! 'మీరు తెలుగు భలే మాట్లాడతారే' అని ఎవరైనా మనల్ని ఆశ్చర్యంగా చూసినప్పుడు గుర్తు చేసుకోదగిన సంగతి ఇది. అయితే చరిత్రను చక్కెర పూసి చెప్పకూడదు. తనకు ఆశ్రయమిచ్చిన రామరాయల మీదే 1565లో ఇబ్రహీం మిగతా సుల్తానులతో కలిసి యుద్ధానికి వెళ్ళాడు. ఆ సంగతి కూడా కుర్రవాడు దాచలేదు, నాకు నచ్చింది.

మహమ్మద్ కులీ గుమ్మటం, హయాత్ బక్షీ బేగం గుమ్మటం, ఆమె గుమ్మటం పక్కనే ఉన్న పెద్ద మసీదు చూశాం. తండ్రి సుల్తాను, భర్త సుల్తాను, కొడుకు సుల్తాను అయిన ఆ తల్లి 1667లో కన్నుమూసింది. చివరి సుల్తాను తానాషాకు మాత్రం ఇక్కడ చోటు దొరకలేదు. ఖైదీగా దౌలతాబాదులో మరణించి ఖుల్దాబాదులో మట్టిలో కలిశాడు.

సుల్తాన్ కులీ సమాధి దగ్గరకు వచ్చాక కుర్రవాడు నా వైపు తిరిగాడు. "మౌల్వీ సాబ్, ఈ రాతి మీద ఆయన్ను బడే మాలిక్ అని రాశారని పుస్తకంలో చదివాను. ఎక్కడ ఉందో నాకు తెలియదు. మీరు చూపించగలరా?" అన్నాడు. ఇరవై జతల కళ్ళు నా మీద పడ్డాయి. నల్లరాతి మీద వరుసలు వరుసలుగా అక్షరాలు. ఖుర్ఆన్ ఆయతులను గుర్తుపట్టాను, చదివి వినిపించాను, అర్థం తెలుగులో చెప్పాను. దరూద్‌ను గుర్తుపట్టాను. ఆ తర్వాత అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి అల్లుకుపోయాయి. వేలితో గాలిలో దిద్దుతూ రెండు మాటలు పట్టుకున్నాను, మూడో మాట దగ్గర ఆగిపోయాను. ఎనిమిదేళ్ళు మదర్సాలో, ముప్పై ఏళ్ళు బోధనలో గడిపినవాణ్ణి. "ఇది నాకు అందడం లేదు బాబూ" అని ఒప్పుకున్నాను.

కుర్రవాడు నిరాశపడలేదు. చదివిన మేరకే కాగితం మీద రాసుకున్నాడు. మా అమ్మాయి మాత్రం నా పక్కకు వచ్చి నిలబడి, రాతి మీద ఒక అక్షరం చూపించి, "అబ్బా, ఇది మీమ్ కదా?" అంది. చిన్నప్పుడు ఖాయిదాలో నేర్చుకున్నది ఆమెకు గుర్తుంది. అవునన్నాను. "మరి దీని పక్కది?" అంది. లామ్ అన్నాను. ఆమె ఫోను తీసి ఆ నాలుగు వరుసలనూ దగ్గరగా ఫోటోలు తీసింది.

వచ్చే నెల మొదటి ఆదివారం ఆ కుర్రవాడు మళ్ళీ నడక పెట్టాడు. మా మదర్సా పెద్ద తరగతి విద్యార్థులు పన్నెండు మందిని తీసుకొస్తానని మాటిచ్చాను. అమ్మాయి తీసిన ఫోటోలను పెద్ద కాగితం మీద అచ్చు వేయించి గోడకు అంటించుకున్నాను. ఇషా తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని ఆ మూడో మాట ముందు కూర్చుంటున్నాను.